ఒంటి టికెట్టు

కాదే, ముందు ఆ బ్యాగు జిప్పు వదులు. ఎన్నిసార్లు లాగుతావు? పళ్లు ఊడిన జిప్పు అది, పడదు.

మళ్లీ అదే మాటా? "రాసిపెట్టి ఉందక్కా. లేకపోతే అంత పెద్ద పార్కులో, అంత జనంలో, అతని పక్క సీటే నాకెందుకు దొరుకుతుంది?" అబ్బబ్బ, ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి నాకు! మొదటిసారి పుట్టింటికొచ్చినట్టు నా దగ్గరికొచ్చి నాలుగు రోజులున్నావు, ఈ మాట చెప్పి మీ ఆయన వెంట వెళ్లావు. రెండోసారి పన్నెండు రోజులు. అప్పుడూ ఇదే. నిన్న సాయంత్రం మూడోసారి వచ్చావు. పొద్దున అతను ఫోన్ చేసి, "పదకొండింటికి వస్తున్నా, రెడీగా ఉండు" అన్నాడు. అంతే, లేచి బట్టలు సర్దుతున్నావు.

పదిన్నర కూడా కాలేదు. ఇవాళ పార్కుకి వారానికోసారి ఇచ్చే సెలవు, నాకు డ్యూటీ లేదు. మీ బావ గోడౌన్‌కి వెళ్లిపోయాడు. ఇంట్లో మనిద్దరమే. కూర్చో.

కూర్చోవే చిట్టీ, కొట్టనులే.

అయ్యో. నోరు జారింది. చిన్నప్పటి నుంచీ అలవాటైన మాట, ఊరికే వచ్చేసింది.

నీకో సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే పాత పార్కు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. మధ్యలో "తెలుసులే అక్కా" అనకు. నీకు తెలీదు. నువ్వు మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చేదానివి, నా టికెట్ల గూడు వెనక తలుపు కొట్టేదానివి, ఇచ్చి వెళ్లిపోయేదానివి. లోపల కూర్చున్నదాన్ని నేను.

ఇప్పుడంటే గేటు దగ్గర ఒకసారి డబ్బు కట్టి, చేతికి కాగితం పట్టీ వేయించుకుంటే చాలు, సాయంత్రం దాకా ఏదెక్కినా ఎవరూ అడగరు. అప్పుడలా కాదుగా. లోపలికి రావడానికి పైసా అక్కర్లేదు. ఏదైనా ఎక్కాలంటేనే టికెట్టు. గుర్రాలకో కిటికీ, పడవకో కిటికీ, కప్పులూ సాసర్లకో కిటికీ, చిన్న రైలుకో కిటికీ. మొత్తం పదకొండు కిటికీలు, పదకొండు మంది ఆడవాళ్లం. గుర్రాలకి పసుపు టికెట్టు, రైలుకి ఆకుపచ్చ, నాది ఎరుపు. బోర్డు మీద జెయింట్ వీల్ అని ఉండేది గానీ మాలో మేం చక్రం అనే అనేవాళ్లం. అన్నిట్లోకీ ఖరీదైనది అదే.

అందుకని నా కిటికీ ముందు ఎప్పుడూ తర్జనభర్జనే. "పెద్దాడు చక్రం ఎక్కుతాడు, నువ్వు గుర్రం ఎక్కు." "నేనొద్దులే, నువ్వు పిల్లని తీసుకుని ఎక్కు, నేను చెప్పులు చూస్తుంటా." "అందరం ఎక్కుదాం నాన్నా!" "అందరం ఎక్కితే ఇంటికి నడిచి వెళ్లాలి." చక్రం చుట్టూ కంచె, నా వెనక తలుపు తీస్తే కనపడేది చూడు, ఆ కంచె పట్టుకుని సగం సగం కుటుంబాలు నిలబడి ఉండేవి. బ్యాగులూ నీళ్ల సీసాలూ పట్టుకుని, మెడలు పైకెత్తి. పైవాళ్లు చెయ్యి ఊపితే కిందవాళ్లు ఊపేవాళ్లు. ఎక్కినవాళ్ల కంటే ఎక్కనివాళ్లే ఎక్కువ ఊపేవాళ్లని బ్రేకు మామ అనేవాడు. గుర్తున్నాడుగా బ్రేకు మామ? చక్రం తిప్పే ముసలాయన.

ఇప్పుడో? గేటు దగ్గర కట్టేశాం కాబట్టి అన్నీ ఎక్కాలి. కళ్లు తిరుగుతున్నా ఎక్కాలి. వాంతి చేసుకుని మూతి కడుక్కొచ్చి మళ్లీ ఎక్కాలి. ఒకళ్లు "ఇంక చాలు, వెళ్దాం" అంటే ఇంకొకళ్లు "డబ్బు కట్టాంగా" అంటారు. రోజూ చూస్తుంటా. నువ్వూ అంతే. ఒకసారి సంతకం పెట్టేశాను కాబట్టి ఎంత తిప్పినా దిగకూడదంటావు.

సరే సరే, మూతి ముడుచుకోకు. అసలు సంగతికొస్తా.

నా గూడు చెక్కతో కట్టింది. ముందు అద్దం ఉండేది గానీ, ప్రచారానికని ఆ అద్దం నిండా చక్రం బొమ్మ వేయించారు. దాంతో బయటివాళ్ల మొహాలు నాకు కనపడేవి కాదు. కింద చెయ్యి పట్టేంత కంత. అందులోంచి చేతులే వచ్చేవి. తొమ్మిదేళ్లు నేను మనుషుల్ని చూడలేదు, చేతుల్ని చూశాను. పిండి అంటిన చేతులు, సిరా చేతులు, గ్రీజు చేతులు, చిల్లర గట్టిగా పట్టుకుని చెమట పట్టేసిన పిల్లల చేతులు. ఇచ్చే నోటు తిన్నగా పెడతారా, విసిరేస్తారా. చిల్లర లెక్కచూసుకుంటారా, లాక్కుంటారా. అందులోనే మనిషి తెలిసిపోయేవాడు.

నిజం చెబుతున్నా, ఒకసారి చూసిన చెయ్యి మళ్లీ వస్తే ఇట్టే గుర్తుపట్టేసేదాన్ని. బ్రేకు మామకి మొహాలు గుర్తు, నాకు చేతులు. పందెం వేసుకునేవాళ్లం, ఒక టీకి. "ఆ నీలం చొక్కాయన ఇంతకుముందు వచ్చాడా అమ్మాయ్?" అనేవాడు. "చొక్కా సంగతి నాకు తెలీదు మామా, ఆ వంకర చిటికెనవేలు మాత్రం ఎండాకాలంలో వచ్చింది" అనేదాన్ని. ఒక్క రోజు తప్ప తొమ్మిదేళ్లూ టీ ఆయనే ఇప్పించాడు.

ఇంకోటి ఉంది. చక్రం సీటు ఇద్దరికి. పాత చక్రం కదా, ఒక్కళ్లే కూర్చుంటే సీటు ఒక పక్కకి ఒరిగిపోయేది, ఇరుసు కీచుమనేది. అందుకని ఒంటరిగా వచ్చినవాళ్లకి టికెట్టు చింపి వెంటనే ఇచ్చేదాన్ని కాదు. "పక్కన నిలబడండి, జోడీ రాగానే పిలుస్తా" అని, టికెట్టు రాయి కింద పెట్టేదాన్ని. ఇంకో ఒంటి రాగానే రెండూ కలిపి చింపి, వెనక్కి తిరిగి "మామా, జోడీ!" అని కేకేసేదాన్ని. ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు. అది ఆఫీసువాళ్ల రూలు, గూట్లో గోడకి అంటించి ఉండేది. ఎంతసేపటికీ జోడీ దొరక్కపోతే పక్కన ఇసుక బస్తా పెట్టి బెల్టు కట్టేసేవాడు మామ. దానికెవరో టోపీ కూడా పెట్టారు. ఒకాయన దిగుతూ, "మా ఆవిడ కంటే ఇదే నయం, ఎదురు చెప్పదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు విను. ఆ రోజు సంగతి నువ్వెలా చెబుతావో నాకు కంఠతా వచ్చు. పదకొండేళ్లుగా కనపడినవాళ్లందరికీ చెబుతున్నావుగా. నువ్వు డబ్బా ఇచ్చావు. అతను ఒంటి టికెట్టుతో నిలబడి ఉన్నాడు. జోడీ రాలేదు, బస్తా అప్పటికే ఇంకొకళ్ల పక్కన ఉంది. చక్రం ఆగిపోయి ఉంది, పైనున్నవాళ్లు తిప్పమని అరుస్తున్నారు. నేను వెనక తలుపులోంచి తల బయటపెట్టి, "చిట్టీ, బరువుకి ఒక్క రౌండు కూర్చోవే" అన్నాను. వద్దు వద్దంటూనే ఎక్కావు. పైకెళ్లాక నీకు భయమేస్తే, "కిందకి చూడకండి, ఎదురుగా చూడండి" అన్నాడు. దిగేసరికి మీ ఇద్దరికీ పేర్లు తెలిసిపోయాయి. అదేగా కథ? నలభై రోజులు తిరక్కుండా పెళ్లి.

జోడీ ఉన్నాడే.

అవును. ఉన్నాడు. గోడలకి రంగులేసే ఆయన, వేళ్ల సందుల్లో తెల్లరంగు ఎండిపోయి ఉంది. మీ ఆయన కంటే పది నిమిషాల ముందే వచ్చి ఒంటి టికెట్టు కొన్నాడు. అది రాయి కింద ఉంది. మీ ఆయన రాగానే ఆ ఇద్దర్నీ కలిపి పంపాలి, అంతే నా పని. నేను ఆ రంగులాయన్ని బస్తా పక్కన కూర్చోబెట్టించి నిన్ను పిలిచాను. "మగాళ్లిద్దరున్నారుగా అమ్మాయ్" అన్నాడు మామ. "మా చెల్లెలేలే మామా" అన్నాను. ఆయన మీ సీటు బెల్టు కట్టేశాడు.

కాబట్టి ఎక్కడా ఏమీ రాసిపెట్టి లేదు. నేనే చేశాను.

ఏంటీ? "నా మంచి కోరే కదా చేశావు" అంటావా? ఇదిగో, ఇలా అంటావనే భయపడ్డాను. ఇంతవరకు చెబితే చాలని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. నీకు కోపం వస్తుంది, ఉండిపోతావు, నేను ఇంకేం చెప్పక్కర్లేదు అని. నువ్వేమో నన్నే ఓదారుస్తున్నావు.

సరే. మంచి కోరే చేశానో లేదో అదీ విను.

అమ్మ పోయాక రెండేళ్లు నా దగ్గరే ఉన్నావు. ఒక గది, ఒక వంటగది. నువ్వు వంటగదిలో పడుకునేదానివి, మంచినీళ్లు కావాలన్నా నిన్ను దాటుకుని వెళ్లాలి. సరిగ్గా అప్పుడే ఆఫీసుకి పిలిచి చెప్పారు, ఇంకో రెండు నెలల తర్వాత కిటికీలు ఉండవు, గేటు దగ్గర ఒకటే టికెట్టు, పదకొండు మందిలో ముగ్గుర్నే ఉంచుకుంటాం అని. ఆ ముగ్గురెవరో చెప్పలేదు. నా జీతం పోతే మీ బావ ఒక్కడి సంపాదనతో ముగ్గురం ఎలా బతకాలి? ఎప్పుడూ అదే ఆలోచన. ఇంట్లో ఒక మనిషి తగ్గాలి అనుకున్నాను. నిన్ను పెంచినదాన్ని, నిన్నే ఆ ఒక మనిషిగా లెక్కేశాను.

తప్పు మీ బావ మీదకి తోసేద్దామని కూడా చూశాను. తిలాపాపం తలా పిడికెడు అన్నారుగా. కుదరలేదు. ఆయన ఒక్క మాట అన్న పాపాన పోలేదు. పైగా నువ్వుంటే ఇల్లు సందడిగా ఉందనేవాడు. నువ్వేదో అంటే పగలబడి నవ్వేవాడు. పెళ్లయ్యాక నా మాటకి ఆయన అలా నవ్వింది ఎప్పుడని? మీ మధ్య ఏదో ఉందని కాదు, లేదని నాకు తెలుసు. వట్టి నవ్వే. అదీ నాకు కష్టంగా ఉండేది. అదీ కలిసింది అందులో.

ఇంతా చేస్తే, ఆ ముగ్గురిలో నన్ను ఉంచారు. నీ పెళ్లయిన నాలుగో రోజున చెప్పారు. గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల చేతులకి పట్టీలు వెయ్యమన్నారు. ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే నిన్ను పిలిచేదాన్ని కాదేమో. ఏమో, పిలిచేదాన్నేమో. నాకు తెలీదు.

ఊఁ? అందరిళ్లలోనూ ఇలాంటివి ఉంటాయంటావా? ఉంటాయిలే. నన్ను క్షమించకు చిట్టీ, ఇంకా అవ్వలేదు. ఆ చెయ్యి నా భుజం మీంచి తియ్యి. పొడుగు చేతుల బట్టలు వేసుకొచ్చి, నిన్నటి నుంచీ అంచు కిందకి లాక్కుంటూనే ఉన్నావు. రోజుకి ఆరేడొందల మణికట్లు చూస్తాన్నేను. తలుపు సందులో నలిగిందా? ఎవరికి చెబుతావు? తలుపు సందులో నలిగితే అడ్డంగా ఒక గీత పడుతుంది. అక్కడ నాలుగు వేళ్లున్నాయి, ఒక బొటనవేలుంది.

టైమెంత? పదిముప్పావు. చెప్పేస్తా.

మీ ఆయన పార్కుకి రావడం అదే మొదటిసారి కాదు.

అంతకు నెల ముందు వచ్చాడు. కంతలోంచి రెండు చేతులు. ఒకటి మగవాడిది. శుభ్రమైన చెయ్యి, గోళ్లు సమానంగా కత్తిరించుకుని, గడియారం డయలు లోపలివైపుకి తిప్పి పెట్టుకుని, బొటనవేలి మొదట్లో తెల్లటి మచ్చ. అవును, ఆ మచ్చే. రెండోది ఆడమనిషిది. గోళ్లకి ఎర్ర రంగు, ఒక గోరు సగానికి విరిగి ఉంది. "రెండివ్వండి" అన్నాడు, మెత్తగా. నేను చిల్లర పెట్టాను. ఆమె తీసుకోబోయింది.

అంతే, అతని చెయ్యి వచ్చి దాని మీద పడింది. మణికట్టు పట్టుకుని కంత అంచుకేసి నొక్కాడు. ఆమె వేళ్లు తెల్లబడిపోయాయి. నొక్కుతూనే ఉన్నాడు. ఆమె గొంతు వినపడలేదు, అసలు చప్పుడే లేదు. రెండో చేత్తో తాపీగా చిల్లర ఏరుకున్నాడు, ఒక్కో నాణెం. "థాంక్సండీ" అన్నాడు. అదే మెత్తటి గొంతు.

నేనేం చేశానా? టికెట్లు చింపాను. "మామా, జోడీ!" అన్నాను.

నెల తర్వాత ఆ చెయ్యి ఒక్కటే వచ్చింది. "ఒకటివ్వండి." మచ్చ, గడియారం, గోళ్లు. చెయ్యి మర్చిపోతానా నేను? చూడగానే గుర్తుపట్టాను. ఆమె వదిలేసి వెళ్లిపోయింది కాబోలు, ఎవరో గానీ బతికిపోయింది అనుకున్నాను. ఇవే మాటలు. లోపల ఇవే మాటలు అనుకున్నాను చిట్టీ. అప్పుడే నువ్వు వెనక తలుపు కొట్టావు.

మర్యాదగా మాట్లాడుతున్నాడు, ఏదో ఉద్యోగం ఉన్నట్టుంది, తప్పు ఆమెదేనేమో, చిట్టి నెమ్మదస్తురాలు, సర్దుకుపోతుంది. ఇన్ని అనుకోవడానికి ఎంతసేపు పట్టిందనుకున్నావు? డబ్బా అందుకుని కింద పెట్టినంతసేపు. తర్వాత నిన్ను పిలిచాను.

మీరు పైన తిరుగుతుంటే మామ నా గూటి దగ్గరికొచ్చాడు. "ఆ మనిషి మొన్న ఇంకో ఆవిడతో రాలేదూ?" అన్నాడు. ఆయనకి మొహం గుర్తుంది. ఆ క్షణం అవునని ఉంటే, చక్రం ఆపించి నిన్ను దింపేసేవాడు, ఆయన అలాంటివాడు. "కాదు మామా, ఇది వేరే చెయ్యి" అన్నాను. నా మాట ఎప్పుడు తప్పిందని? నమ్మాడు. ఆ రోజు టీ నేను ఇప్పించాను.

పెళ్లికి సాక్షి సంతకం నాదే. మొదటిసారి పెదవి చిట్లి వచ్చినప్పుడు "సర్దుకుపోవాలే" అన్నదీ నేనే. రెండోసారి వచ్చినప్పుడు, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఎవరికీ చెప్పకు అన్నదీ నేనే. రెండుసార్లూ నువ్వు రాసిపెట్టి ఉందన్నావు, నేను ఊఁ కొట్టాను. నాకు సుఖంగా ఉండేది ఆ మాట. రాసినవాడు పైన ఎవడో ఉంటే నాకేం పోయింది?

చెబితే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఏమీ రావడం లేదు, చాలా ఏళ్లుగా ఇంతే. చేతులు చాపుతారు, పట్టీ వేస్తాను, ఇంకొకళ్లు చాపుతారు.

నన్ను తిట్టు. పోనీ, తిట్టకపోయినా పర్లేదు. నా దగ్గర ఉండమనను, నా మొహం చూడమనీ అనను. రాత రాత అనుకుంటూ మాత్రం అతని వెంట వెళ్లకు. పిల్లా జెల్లా లేరు, ఎవరి కోసం? అది రాత కాదు. నేను అడ్డం తగలాల్సినచోట నిన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టాను, అంతే.

అదిగో. వీధి తలుపు. అతనే, ఇంకెవరు కొడతారు అంత నెమ్మదిగా? పది నిమిషాలు ముందే వచ్చాడు.

బ్యాగెందుకు అందుకుంటున్నావు? చిట్టీ? అంతా విని కూడా... అటెక్కడికి, అది వంటగది.

ఆఁ. వెనక తలుపా.

దాని గడియ పైకెత్తి లాగు, బిగుసుకుపోతుంది. చెప్పులు చేత్తో పట్టుకో, సందు చివరిదాకా వేసుకోకు. ఎడమవైపు తిరిగితే పెద్ద రోడ్డు. ఆ డబ్బాలో మీ బావ కరెంటు బిల్లుకని పెట్టిన డబ్బుంది, తీసుకో. మాట్లాడకు, తీసుకో.

ఎక్కడికి వెళ్తావు? వద్దొద్దు. నాకు చెప్పకు. ఎవరికి చెప్పినా చెప్పు, నాకు మాత్రం చెప్పకు. అతను మెత్తగా అడుగుతాడు, నేను చెప్పేస్తాను. నా సంగతి ఇప్పుడు నీకు తెలిసిందిగా.

వెళ్లు.

వస్తున్నా మరిదిగారూ, వస్తున్నా! స్టవ్వు మీద పాలున్నాయి, ఒక్క నిమిషం!